అమెరికా క్యాంపస్‌లో ప్రైడ్ వీక్: తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఆగస్టులో కొత్త బ్యాచ్ దిగుతుంది. సెప్టెంబరంతా బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, పార్ట్‌టైమ్ గోలతోనే గడిచిపోతుంది. అక్టోబర్ వచ్చేసరికి స్టూడెంట్ యూనియన్ భవనం ముందు ఇంద్రధనుస్సు జెండాలు కనిపిస్తాయి, నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. ఏప్రిల్‌లో ఇంకో విడత. సగం మంది "మా ఫ్రెండ్ ఒకడు అడగమన్నాడు" అంటారు. ఫ్రెండ్ కోసమైనా మీ కోసమైనా జవాబు మారదు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. చట్టం గురించి రాసింది సాధారణ సమాచారం మాత్రమే. సొంత సమస్య ఉంటే లాయర్‌ని అడగండి. చాలా క్యాంపసుల్లో విద్యార్థుల కోసం ఉచిత న్యాయ సలహా ఆఫీసు ఉంటుంది.

## వారం మొదలవక ముందు

అసలు ఈ ప్రైడ్ వీక్ ఏంటి? రోడ్డు మీద ఊరేగింపా?

ఊరేగింపులు నగరాల్లో జరుగుతాయి. క్యాంపస్‌లో జరిగేది ఎక్కువగా గదుల్లో, లాన్‌లో. గే (మగవాళ్లను ఇష్టపడే అబ్బాయిలు), లెస్బియన్ (ఆడవాళ్లను ఇష్టపడే అమ్మాయిలు), బైసెక్సువల్ విద్యార్థులు, వాళ్లకు తోడుగా నిలిచేవాళ్లు కలిసి ఒక వారం పాటు ఉపన్యాసం, సినిమా, ప్యానెల్ చర్చ, శిక్షణ తరగతి, చివర్లో డ్యాన్స్ లాంటివి పెడతారు. ఇప్పుడు ట్రాన్స్‌జెండర్ విద్యార్థులూ ఇందులో భాగమే. పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఒకప్పుడు దీన్ని బి-గ్లాడ్ అనేవారు, తర్వాత క్యూపెన్ అయింది. మీ దగ్గర ప్రైడ్ వీక్, కమింగ్ అవుట్ (తన సంగతి నలుగురికీ చెప్పుకోవడం) వీక్, అవేర్‌నెస్ వీక్... ఏ పేరుతో పోస్టర్ కనిపించినా సంగతి ఇంచుమించు ఇదే.

ప్రైడ్ నెల జూన్ కదా? మా యూనివర్సిటీలో ఏప్రిల్‌లో ఎందుకు చేస్తున్నారు?

జూన్‌లో క్యాంపస్ ఖాళీ. అదే అసలు కారణం.

జూన్‌కి ఆ ప్రాముఖ్యం న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ బార్ వల్ల వచ్చింది. 1969 జూన్ 28 తెల్లవారుజామున పోలీసులు దాడి చేస్తే, అక్కడున్నవాళ్లు తలవంచకుండా తిరగబడ్డారు. కానీ ఆ తేదీకి విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌లకో ఇళ్లకో వెళ్లిపోయి ఉంటారు. అందుకే కొన్ని యూనివర్సిటీలు ఫైనల్స్‌కి ముందు ఏప్రిల్‌లో, కొన్ని అక్టోబర్‌లో పెట్టుకుంటాయి. అక్టోబర్‌కి సొంత చరిత్ర ఉంది. 1987 అక్టోబర్ 11న గే, లెస్బియన్ హక్కుల కోసం వాషింగ్టన్‌లో భారీ ప్రదర్శన జరిగింది. మరుసటి ఏడాది నుంచి ఆ తేదీని కమింగ్ అవుట్ డే అంటున్నారు. 1994లో మిస్సోరికి చెందిన రాడ్నీ విల్సన్ అనే హైస్కూల్ టీచర్ చొరవతో అక్టోబర్ మొత్తం గే, లెస్బియన్ చరిత్ర మాసం అయింది.

ఇదంతా ఈమధ్య వచ్చిన ఫ్యాషనే కదా?

కాదు. మన నాన్నల తరం కాలేజీలో చేరకముందే మొదలైంది. 1967లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ స్టూడెంట్ హోమోఫైల్ లీగ్ అనే సంఘానికి గుర్తింపు ఇచ్చింది. అమెరికాలో ఇలాంటి విద్యార్థి సంఘం అదే మొదటిది. అప్పటికి స్టోన్‌వాల్ ఘటనే జరగలేదు. 1971లో మిషిగన్ యూనివర్సిటీ ఈ విద్యార్థుల కోసం ఒక ఆఫీసు తెరిచింది. దాన్నే ఇప్పుడు స్పెక్ట్రమ్ సెంటర్ అంటారు.

ఇవి కోర్టు దాకా వెళ్లకుండా జరిగినవి. కొన్నిచోట్ల మాత్రం కోర్టులకు వెళ్లాల్సి వచ్చింది. న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీలో 1973లో గుర్తింపు పొందిన గే విద్యార్థుల సంఘం ఒక డ్యాన్స్ పెట్టుకుంది. అంతే, గవర్నర్ మండిపడ్డారు, యూనివర్సిటీ వాళ్ల సరదా కార్యక్రమాలన్నీ ఆపేసింది. మీటింగ్ పెట్టుకోవచ్చు కానీ డ్యాన్స్ చేయకూడదన్నమాట! 1974లో ఫెడరల్ అప్పీల్ కోర్టు విద్యార్థుల పక్షాన తీర్పిచ్చింది. కలిసి కూర్చుని మాట్లాడుకునే స్వేచ్ఛ మిగతా సంఘాలకు ఎంతో వీళ్లకూ అంతే అంది.

అలబామా కథ ఇంకా విచిత్రం. 1992లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసి, ఇలాంటి సంఘాలకు ప్రభుత్వ కాలేజీలు డబ్బూ ఇవ్వకూడదు, గదీ ఇవ్వకూడదు అంది. సౌత్ అలబామా యూనివర్సిటీలోని గే, లెస్బియన్, బైసెక్సువల్ విద్యార్థుల సంఘం కోర్టుకెక్కింది. 1996లో జిల్లా కోర్టులో, 1997లో అప్పీల్ కోర్టులో గెలిచింది. మీ యూనియన్ హాల్లో ఇప్పుడు ఒక మడత బల్ల, దాని మీద నాలుగు బ్యాడ్జీలు మామూలుగా కనిపిస్తున్నాయంటే వెనక ఇంత వ్యాజ్యం నడిచింది.

ఆ ఈవెంట్‌కి వెళ్తే నేను కూడా గే అనుకుంటారా?

అక్కడికి వచ్చేవాళ్లలో మనస్తత్వశాస్త్రం క్లాసులో అసైన్‌మెంట్ ఉన్నవాళ్లు, స్నేహితుడి కోసం వచ్చినవాళ్లు, కుతూహలంతో వచ్చినవాళ్లు, ఖాళీగా ఉండి వచ్చినవాళ్లు అందరూ ఉంటారు. తలుపు దగ్గర ఎవరూ "నువ్వెవరు" అని అడగరు. చాలా కార్యక్రమాలకు పేరు రాయక్కర్లేదు. ఐడీ కార్డు స్వైప్ చేయమంటే అది సాధారణంగా హాజరు లెక్క కోసం. అది కూడా ఇష్టం లేకపోతే స్వైప్ లేని కార్యక్రమానికి వెళ్లండి.

ఎవరైనా ఏదైనా అనుకోవచ్చు, దాన్ని ఆపలేం. కానీ మీ గురించి మీరు చెప్పేదాకా అది వాళ్ల ఊహ మాత్రమే. హాజరవ్వడానికీ ప్రకటించడానికీ చాలా దూరం ఉంది. ఏళ్ల తరబడి ప్రతి ప్యానెల్‌లో వెనక వరుసలో కూర్చుని, ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా డిగ్రీ పూర్తిచేసి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. అదీ సరైన పద్ధతే.

నేను ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నాను. వీసాకి ఏమైనా ఇబ్బందా?

చట్టబద్ధంగా జరిగే క్యాంపస్ కార్యక్రమానికి వెళ్లడం ఎఫ్-1 నిబంధనలకు విరుద్ధం కాదు. ఎఫ్-1కి ప్రాణాంతకమైనవి వేరే ఉన్నాయి: క్రెడిట్లు తగ్గడం, అనుమతి లేకుండా పని చేయడం, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) గడువు దాటడం. కాబట్టి వారంలో ఎవరైనా మీకు డబ్బిచ్చి పాడమన్నా, ఫొటోలు తీయమన్నా, డీజే చేయమన్నా ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. జెండా పట్టుకుంటే సమస్య రాదు, చెక్కు పుచ్చుకుంటే రావచ్చు.

భయం ఊరికే పుట్టలేదనుకోండి. స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లను దేశంలోకి రానివ్వకూడదనే నిబంధన అమెరికా వలస చట్టంలో ఒకప్పుడు ఉండేది. 1990 చట్టంతో అది పోయింది.

ఇప్పటి సంగతుల్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా పెట్టాలని అమెరికా విదేశాంగ శాఖ అడుగుతోంది. కాన్సులేట్ సంగతి అలా ఉంచండి. ఖాతా పబ్లిక్ చేసిన రోజు నుంచి మీ పెదనాన్న, మేనత్త, ఊళ్లో పక్కింటివాళ్లు కూడా చూడగలరు. వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లేముందు మీ ఖాతాలో ఏముందో ఒకసారి చూసుకోండి. వీసా ఫారంలో మాత్రం ఏదీ దాచకండి, అబద్ధం రాయకండి.

మాది టెక్సాస్. ఇక్కడ ఈ విద్యార్థుల కోసం ఉన్న ఆఫీసే మూసేశారు. మరి వారం ఉంటుందా?

ఉండొచ్చు, కాకపోతే నడిపేవాళ్లు మారతారు. ఎస్‌బీ 17 అనే చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి, టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో వైవిధ్యం, సమానత్వం పేరుతో ఉన్న ఆఫీసులను మూయించింది. హ్యూస్టన్ యూనివర్సిటీ తన ఎల్‌జీబీటీక్యూ (గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ లాంటివాళ్లందరినీ కలిపి చెప్పే పేరు) కేంద్రాన్ని 2023లోనే మూసేసింది. అయితే అదే చట్టం విద్యార్థి సంఘాలను, పాఠాలను, పరిశోధనను మినహాయించింది. ఇంతకుముందు జీతం తీసుకునే ఉద్యోగి చేసే పనిని ఇప్పుడు విద్యార్థులు హోంవర్క్ మధ్యలో చేసుకుంటున్నారు. పోస్టర్లు తక్కువ, తిండి తక్కువ. మీ యూనివర్సిటీ సంఘాల జాబితాలో ప్రైడ్, క్యూ, స్పెక్ట్రమ్ లాంటి మాటలతో వెతకండి.

## ఆ వారంలో

ఫ్రీ పిజ్జా కోసం వెళ్లినా పర్లేదా?

పర్లేదు. క్యాంపస్‌లో జరిగే ప్రతి సెమినార్‌కీ మనవాళ్లు వెళ్లేది అందుకేగా. తిన్నాక పది నిమిషాలు కూర్చుని వినండి, మధ్యలో లేచి వెళ్లకండి. వెజ్ ముక్కలు త్వరగా అయిపోతాయి.

ప్యానెల్‌లో ఏం జరుగుతుంది? తెలియక పిచ్చి ప్రశ్న అడిగితే కోప్పడతారా?

నలుగురైదుగురు విద్యార్థులు ముందు కూర్చుంటారు. ఒక్కొక్కరు తమకు ఎప్పుడు తెలిసింది, ఇంట్లో ఎలా తీసుకున్నారు, గుడి లేదా చర్చి సంగతేంటి, డేటింగ్ ఎలా ఉంది, ఇలా పది నిమిషాల లోపు చెబుతారు. తర్వాత ప్రశ్నలు. చాలాచోట్ల చీటీ మీద రాసి ఇవ్వొచ్చు, పేరు అక్కర్లేదు.

వారం మొత్తానికి ఒక్కదానికే టైమ్ ఉంటే దీనికే వెళ్లండి. ఉపన్యాసాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి, ఇది దొరకదు. ప్యానెల్‌లో కూర్చునేవాళ్లు తెలియక అడిగేదానికీ గుచ్చడానికి అడిగేదానికీ తేడా మొదటి మాటలోనే పట్టేస్తారు. "మీ ఇద్దరిలో మొగుడెవరు, పెళ్లామెవరు?" అన్న ప్రశ్న ఏటా వస్తుంది, ఏటా నవ్వుతూనే జవాబు చెబుతారు. ఇంట్లో పనులు ఎవరు బాగా చేస్తే వాళ్లు చేస్తారు, అంతే. పడకగది వివరాలు మాత్రం అడగకండి. కొత్తగా పెళ్లయిన మీ కజిన్‌ని మీరు అడగని ప్రశ్న వీళ్లనీ అడగకూడదు.

అందరూ పేరు చెప్పి హీ, షీ, దే అంటున్నారు. నేనేం చెప్పాలి?

తమ గురించి ఇంకొకరితో మాట్లాడేటప్పుడు ఏ మాట వాడాలో చెబుతున్నారు. మీరూ మీది చెప్పొచ్చు. చెప్పాలనిపించకపోతే పేరు ఒక్కటే చెప్పి కూర్చోండి, ఎవరూ నిలదీయరు. ఎదుటివాళ్లది పొరపాటున తప్పు అంటే సారీ చెప్పి సరిదిద్దుకుని ముందుకెళ్లండి. ఐదు నిమిషాలు క్షమాపణ చెబితే వాళ్లకే ఇబ్బంది.

రేపు "జీన్స్ డే" అంట. నా దగ్గర ఉన్నవన్నీ జీన్సే!

అందులోనే తమాషా ఉంది. 1970ల్లో న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీ విద్యార్థులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. గే విద్యార్థులు, వాళ్లకు మద్దతిచ్చేవాళ్లు ఫలానా రోజు జీన్స్ వేసుకోండి అని ప్రకటిస్తారు. క్యాంపస్‌లో ముప్పావు మంది రోజూ వేసుకునేది అదే. ఆ ఒక్కరోజు పొద్దున బీరువా ముందు నిలబడి "ఇది వేసుకుంటే ఎవరేమనుకుంటారో" అని ఆలోచించాల్సి వస్తుంది. గే విద్యార్థులకు ఆ ఆలోచన ఏడాదంతా ఉంటుంది. ఇప్పుడు ఇది తక్కువ చోట్లే చేస్తున్నారు. మీరు హాయిగా జీన్స్ వేసుకుని వెళ్లండి.

బైసెక్సువల్ అంటే ఇంకా ఎటూ తేల్చుకోలేదనేగా?

కాదు. తేలింది కాబట్టే ఆ మాట వాడుతున్నారు. ఒకటికన్నా ఎక్కువ జెండర్ల మీద ఆకర్షణ ఉండటం అది. ఒకేసారి ఇద్దరు కావాలనో, నిలకడ లేదనో కాదు. బైసెక్సువల్ అబ్బాయి అమ్మాయిని పెళ్లి చేసుకున్నంత మాత్రాన "మారిపోయాడు" అని అర్థం కాదు, తనకు నచ్చిన ఒక మనిషిని చేసుకున్నాడు.

వీళ్లకు రెండు వైపులా చిక్కే. ఇంట్లోవాళ్లు "అయితే అమ్మాయినే చేసుకోవచ్చుగా" అంటారు, గే స్నేహితులు కొందరు "నీకేం, నువ్వు తప్పించుకోగలవు" అంటారు. 1970ల నాటి చాలా సంఘాల పేర్లలో వీళ్ల ఊసే లేదు. గులాబీ, ఊదా, నీలం చారలున్న వీళ్ల జెండా 1998లో వచ్చింది. 1999 నుంచి సెప్టెంబర్ 23ని వీళ్ల దినంగా జరుపుతున్నారు. కొన్ని క్యాంపసుల్లో వారంలో ఒక సాయంత్రం ప్రత్యేకంగా వీళ్లకు కేటాయిస్తారు.

డ్రాగ్ షో అంటే ఏంటి? అశ్లీలంగా ఉంటుందా?

ఆడవేషమో మగవేషమో కట్టి పాటలకు అభినయించే ప్రదర్శన. కూచిపూడిలో మగవాళ్లు సత్యభామ వేషం కట్టడం ఎరిగినవాళ్లం, వేషం కట్టడం మనకు వింతేం కాదు. కాకపోతే ఇక్కడ హాస్యం ఘాటుగా ఉంటుంది. నచ్చకపోతే లేచి వచ్చేయొచ్చు. ఇది కొన్నిచోట్ల రాజకీయం కూడా అయింది. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ వ్యవస్థ 2025 ఫిబ్రవరిలో తన క్యాంపసుల్లో వీటిని నిషేధిస్తే, మార్చిలో ఫెడరల్ జడ్జి ఆ నిషేధాన్ని నిలిపేశారు, అనుకున్న ప్రదర్శన జరిగింది.

ఫొటోల్లో పడితే ఇంట్లో తెలిసిపోతుంది. ఎలా?

ఇది నిజమైన ప్రమాదం, తేలిగ్గా తీసుకోకండి. నిర్వాహకులు ఫొటోలు తీస్తారు, స్టూడెంట్ పేపర్ వాళ్లూ తీస్తారు. బహిరంగ లాన్‌లో తీసిన ఫొటోని ఆపించడం కష్టం. అందుకని జెండా ఎగరేసే సభ, ర్యాలీ లాంటివి వదిలేసి గదిలో జరిగేవాటికి వెళ్లండి. లోపలికి వెళ్లగానే నిర్వాహకులతో "నన్ను ఫొటోలో వేయకండి" అని చెప్పండి. చాలా సంఘాలు ఇలాంటివాళ్ల కోసం వేరే రంగు స్టిక్కరో, ఫొటో తీయని వరుసో పెడతాయి. ఇన్‌స్టాలో ఎవరైనా ట్యాగ్ చేస్తే మీ అనుమతి తర్వాతే కనిపించేలా సెట్టింగ్ ముందే మార్చుకోండి. గ్రూప్ సెల్ఫీ తీసే స్నేహితుడికి కూడా చెప్పాలి. చాలామంది దొరికిపోయేది అక్కడే.

మైకు పట్టుకుని "నరకానికి పోతారు" అని అరిచేవాళ్లతో వాదించాలా?

అక్కర్లేదు. ప్రభుత్వ యూనివర్సిటీ బహిరంగ స్థలాల్లో వాళ్లకూ మాట్లాడే హక్కుంది. వాదిస్తే వాళ్ల వీడియోకి మీరు సరుకవుతారు. పక్కనుంచి నడిచి వెళ్లిపోండి.

## రూమ్‌లో, మనవాళ్ల మధ్య

మా రూమ్మేట్ ఆ ఈవెంట్‌లో కనిపించాడు. మిగతావాళ్లకి చెప్పొచ్చా?

వద్దు. గ్రూప్‌లో పెట్టొద్దు, "వీడి సంగతి తెలుసా" అని నవ్వుతూ కూడా అనొద్దు. హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్న వాళ్ల అమ్మానాన్నలకు ఆ మాట చేరడానికి గంట కూడా పట్టదు. మీకు అది ఒక కబురు. అతనికి ఫీజు ఆగిపోవడం కావచ్చు, టికెట్ కొని వెనక్కి పిలిపించడం కావచ్చు.

2010లో రట్గర్స్‌లో టైలర్ క్లెమెంటీ అనే 18 ఏళ్ల విద్యార్థి తన గదిలో ఇంకో యువకుడితో ఉన్నప్పుడు రూమ్మేట్ వెబ్‌క్యామ్‌తో రహస్యంగా చూసి, ఆ సంగతి ట్విట్టర్‌లో పెట్టాడు. కొద్ది రోజులకే టైలర్ ప్రాణాలు తీసుకున్నాడు. ఆ రూమ్మేట్ భారత సంతతి విద్యార్థి. కేసు 2016 దాకా నడిచింది. సరదాకి చేశానన్న మాట కోర్టులో పనికిరాలేదు.

రూమ్మేట్ తను గే అని చెప్పాడు. ఒకే గదిలో పడుకుంటాం, నాకు ఇబ్బందిగా ఉంది.

మీరంటే ఇష్టమని చెప్పలేదు కదా, తన గురించి చెప్పాడు. మీరు క్లాసులో ఉన్న అమ్మాయిలందరి మీదా మనసు పడనట్టే అతనూ మగవాళ్లందరి మీదా పడడు. నిన్నటి దాకా ఇదే గదిలో, ఇదే మనిషితో నిద్రపోయారు. ఏదైనా కొత్తగా మారిందంటే, అతను మిమ్మల్ని నమ్మాడన్నది ఒక్కటే. అయినా ఇబ్బంది పోకపోతే సెమిస్టర్ చివర్లో గదులు మార్చుకోండి, కారణం ఊరంతా చెప్పకుండా.

రూమ్మేట్స్‌కి తెలిస్తే నన్ను ఇల్లు ఖాళీ చేయమంటారేమో?

లీజులో మీ పేరుంటే వాళ్లు మిమ్మల్ని వెళ్లగొట్టలేరు. యజమాని కూడా కోర్టు దారిలోనే రావాలి. చిక్కల్లా ఎక్కడంటే, మనవాళ్లు చాలామంది ఇద్దరి పేరు మీద తీసుకున్న ఇంట్లో ఐదుగురుగా ఉంటారు, అద్దె జెల్ (ఫోన్‌లో డబ్బు పంపే సర్వీసు)లో పంపుతారు, కాగితం మీద ఎక్కడా ఉండరు. అప్పుడు మీ స్థితి బలహీనం. వచ్చే లీజులోనైనా పేరు ఎక్కించుకోండి, అద్దె పంపిన రుజువులు దాచుకోండి. రాత్రికి రాత్రి బయటికి పంపేస్తే డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసుకు వెళ్లండి. చాలా యూనివర్సిటీల్లో కొన్ని రోజుల అత్యవసర వసతి దొరుకుతుంది.

"తేడా", "పాయింట్ ఫైవ్" అని సరదాకి అంటాం. దానికి కూడా ఫీలవ్వాలా?

అనేవాడికి సరదా. ఆ గదిలో ఉన్న ఆరుగురిలో ఒకడు ఆ మాట విన్నప్పుడల్లా "వీళ్లకి ఎప్పటికీ చెప్పకూడదు" అని గట్టిగా అనుకుంటూ పైకి నవ్వుతాడు. ఎవడో మీకు తెలియదు, తెలియనివ్వడు. మన సినిమా కామెడీ నేర్పిన మాటలివి, మానేయడానికి పెద్ద కష్టం కూడా లేదు. ఇండియాలో యూజీసీ 2016లో ర్యాగింగ్ నిర్వచనాన్ని సవరించి, లైంగిక ఆకర్షణ ఆధారంగా ఏడిపించడాన్నీ వెలివేయడాన్నీ అందులో చేర్చింది. అంటే గుంటూరు కాలేజీలో కూడా ఇది ఫిర్యాదు చేయదగ్గ విషయమే.

మా తెలుగు అసోసియేషన్ తరఫున ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు. అక్టోబర్ వారం మనకు బతుకమ్మ, దసరా, దీపావళి హడావిడిలో పడుతుంది, ఎవరికీ తీరిక ఉండదు. ఏప్రిల్‌ది సులువు. సొంతంగా సభ పెట్టడం కన్నా వాళ్ల ప్యానెల్‌కి సహ నిర్వాహకులుగా పేరివ్వండి, సమోసాలు పంపండి. పోస్టర్ మీద అసోసియేషన్ పేరు కనిపిస్తే చాలు, ఎవరికి అర్థం కావాలో వాళ్లకు అర్థమవుతుంది. కమిటీలో ఎవరైనా గొడవ చేస్తారేమోనని ముందే భయపడకండి. నేను చూసినంతలో వచ్చే అభ్యంతరం "బడ్జెట్ లేదు" అనే.

## వారం అయ్యాక, ఇంటి దగ్గర

యూనివర్సిటీ మా ఇంటికి మెయిల్ పంపుతుందా?

పంపదు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరాక విద్యా రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. ఫీజు నాన్న కట్టినా అంతే. అమెరికా పన్ను లెక్కల్లో మీరు తల్లిదండ్రుల మీద ఆధారపడినవాళ్లయితే, లేదా ప్రాణాపాయం లాంటి అత్యవసరమైతే మినహాయింపులున్నాయి. కౌన్సెలింగ్ సెంటర్‌లో చెప్పింది కూడా గోప్యమే, మీకో ఇంకొకరికో ప్రమాదం ఉందనిపిస్తే తప్ప. అడ్మిషన్ ఫారంలో అత్యవసర ఫోన్ నంబర్‌గా ఎవరిది ఇచ్చారో మాత్రం ఒకసారి చూసుకోండి.

వారం చూశాక ధైర్యం వచ్చింది. ఇంట్లో ఇప్పుడే చెప్పేయనా?

ఆ ఊపులో వీడియో కాల్ చేయకండి. ముందు లెక్క చూసుకోండి. ఎడ్యుకేషన్ లోన్‌కి నాన్న సంతకం, ఇల్లు తాకట్టు, వచ్చే సెమిస్టర్ ఫీజు ఎవరు కడతారు, రేపు వెనక్కి రమ్మంటే ఎవరి దగ్గర ఉంటారు. వీటికి జవాబులుంటే మనసు మాట వినండి. లేకపోతే డిగ్రీ, ఉద్యోగం చేతికొచ్చేదాకా ఆగడం పిరికితనం కాదు. అమెరికన్ స్నేహితులు "చెప్పేయ్, తేలికపడతావు" అంటారు. వాళ్లకు మన లోన్లు, మన బంధుబలగం తెలియవు.

చెప్పదలచుకుంటే ఇంట్లో అందరికన్నా మెత్తని మనిషిని ఎంచుకోండి. చాలా ఇళ్లలో అది అక్కో పిన్నో అవుతుంది. ఆ ఒక్కరు మీ పక్కన నిలబడ్డాక అమ్మ దగ్గరికి వెళ్లండి.

మా అబ్బాయి ఇక్కడున్నప్పుడు బాగానే ఉన్నాడు. అమెరికా వెళ్లాకే ఇలా అయ్యాడు. అక్కడి కల్చర్ వల్లేనా?

కాదండీ. అక్కడ చెప్పగలిగాడు, అంతే. మీ అబ్బాయిని అడిగి చూడండి, చాలామంది ఇంటర్ రోజుల్లోనే, అంతకుముందే తమకు తెలుసని చెబుతారు. అమెరికా మొదటినుంచీ ఇలాంటి దేశమేం కాదు. టెక్సాస్‌లో 2003 దాకా స్వలింగ సంబంధం నేరం, సుప్రీంకోర్టు కొట్టేస్తేనే పోయింది. మన దగ్గర దీన్ని నేరం చేసిన 377 సెక్షన్ కూడా మన పెద్దలు రాసింది కాదు, 1860లో బ్రిటిష్‌వాళ్లు రాసిన శిక్షాస్మృతిలోది. హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ నడక జరుగుతోంది, అందులో నడిచేవాళ్లంతా అమెరికా వెళ్లొచ్చినవాళ్లేం కాదు.

మంచి డాక్టర్‌కి చూపిస్తే తగ్గుతుందా?

ఇది జబ్బు కాదు కాబట్టి తగ్గడమనేది ఉండదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా 2018లో ఇది జబ్బు కాదని స్పష్టంగా చెప్పింది. "మార్చేస్తాం" అని ఎవరైనా చికిత్స చేస్తే అది వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. కాబట్టి అలాంటి డాక్టర్ దొరికితే ఆయన మంచి డాక్టర్ కాడు. డబ్బు తీసుకుంటాడు, పిల్లవాడికి దిగులు మిగులుస్తాడు.

డాక్టర్ అవసరం నిజంగా పడేది ఎప్పుడంటే, అతను తిండి, నిద్ర మానేసి ముభావంగా ఉన్నప్పుడు. అది కూడా ఆకర్షణకు కాదు, ఆ దిగులుకు.

పెళ్లి చేసేస్తే సర్దుకుంటుంది అంటున్నారు బంధువులు.

ఆ బంధువులు తమ కూతుర్ని ఇస్తారేమో అడగండి. తెలిసి తెలిసి ఒక అమ్మాయిని ఈ పెళ్లిలోకి తెస్తే నష్టపోయేది ఇద్దరు పిల్లలు, రెండు కుటుంబాలు. కొన్నాళ్లకు విడాకుల కాగితాల దగ్గర అసలు సంగతి బయటికొస్తుంది, అప్పుడు పరువు గురించి ఆలోచించడానికి కూడా ఏం మిగలదు. సంబంధాలు చూడటం ఆపండి. బంధువులకు "వాడింకా సెటిల్ అవ్వలేదు" అంటే సరిపోతుంది. అమెరికాలో ఉన్న పిల్లల విషయంలో ఈ మాట పదేళ్లైనా చెల్లుతుంది.

ఇండియాలో ఇది ఇప్పటికీ నేరమేనా?

కాదు. ఢిల్లీ హైకోర్టు 2009లో 377 సెక్షన్ పెద్దల మధ్య పరస్పర సమ్మతితో జరిగేదానికి వర్తించదంది, సుప్రీంకోర్టు 2013లో ఆ తీర్పును తిప్పేసింది, చివరికి 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం నేరం కాదని తేల్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 సెక్షనే లేదు.

ఇద్దరు అబ్బాయిలు అమెరికాలో పెళ్లి చేసుకుంటే ఇండియాలో చెల్లుతుందా? డిపెండెంట్ వీసా వస్తుందా?

అమెరికాలో 2015 జూన్ 26 నుంచి అన్ని రాష్ట్రాల్లో చెల్లుతుంది. వలస చట్టం 2013 నుంచే ఈ పెళ్లిళ్లను గుర్తిస్తోంది కాబట్టి ఎఫ్-2, హెచ్-4 అనే డిపెండెంట్ వీసాల దరఖాస్తుల్లో వీళ్లకు వేరే నియమం లేదు. పెళ్లి జరిగిన చోట చట్టబద్ధమై ఉండాలి. ఇండియాలో మాత్రం సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17 తీర్పులో ఈ పెళ్లికి హక్కు ఉందని అనలేదు, అది చట్టసభల పని అంది. అందువల్ల అక్కడ ఆస్తి, వారసత్వం, ఆసుపత్రి సంతకాల లాంటి విషయాల్లో భార్యాభర్తలుగా చూడరు. ఆస్తులుంటే వీలునామా, జాయింట్ ఖాతా, నామినీ పేర్ల గురించి ఇండియాలోని లాయర్‌తో మాట్లాడాలి.

వారం అయిపోయింది, అందరూ మామూలైపోయారు. నాకు మాత్రం చాలా టెన్షన్‌గా, ఒంటరిగా ఉంది. ఎవరితో మాట్లాడాలి?

ఇలా అనిపించడం మామూలే. ఆ వారం మీరు లోపల దాచుకున్నదాన్ని కదిలిస్తుంది, సోమవారం పొద్దున మళ్లీ ల్యాబ్‌కి పంపేస్తుంది. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి, మొదటి కొన్ని విడతలు సాధారణంగా మీరు కట్టిన ఫీజులోనే కలిసి ఉంటాయి. దక్షిణాసియా కౌన్సెలర్ కావాలో, వద్దో కూడా చెప్పొచ్చు. కొందరికి మనవాళ్లయితేనే మాట పెగులుతుంది, కొందరికి మనవాళ్లంటేనే భయం.

మనలాంటివాళ్ల మధ్య ఉండాలంటే ట్రైకోన్ అనే దక్షిణాసియా సంఘం 1986లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో మొదలైంది, న్యూయార్క్‌లో సాల్గా ఉంది. తల్లిదండ్రుల కోసం దేశీ రెయిన్‌బో పేరెంట్స్ ఉంది, వాళ్ల సమావేశాల్లో మన అమ్మానాన్నలే తోటి అమ్మానాన్నలతో మాట్లాడతారు.

బతకాలనిపించడం లేదన్నంత బరువుగా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. అమెరికాలో 988 హెల్ప్‌లైన్‌కి కాల్ లేదా మెసేజ్ చేయండి, ఏ గంటలోనైనా పలుకుతారు. ఆ లైనులో ఎల్‌జీబీటీక్యూ యువత కోసం ఉన్న 3 నంబర్ ఎంపికను 2025 జులైలో తీసేశారు, మామూలు లైను మాత్రం పనిచేస్తుంది. 25 ఏళ్ల లోపువాళ్లకు, ఈ యువత కోసమే పనిచేసే ట్రెవర్ ప్రాజెక్ట్ నంబర్ 1-866-488-7386. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు దిగులుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.